తెల్లబురదకి దమ్ముచక్రాలు

మొన్న పాలకొల్లులో ఒక పెద్దకార్యానికి వెళ్లాను. భోజనాలయ్యాక చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే, గోడకి ఆనించిన ఒక ఇనుప చక్రం నిండా దొండపాదు అల్లుకుని కనిపించింది. చిన్న చక్రం. చుట్టూ అడ్డంగా ఇనుప బద్దలు. నా పక్కన చేయి కడుక్కుంటున్న పెద్దమనిషి దాన్ని చూసి, ఇదేదో పిల్ల ట్రాక్టరు చక్రంలా ఉందే అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. కార్యానికి వచ్చి నవ్వకూడదని తెలుసు కాబట్టి చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నేను ఏడుస్తున్నాననుకుని, పాపం, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చారు.

ఆ చక్రం ట్రాక్టరుది కాదు, జీపుది. అది బదరీనాథ్ దాకా వెళ్లొచ్చింది. దాన్ని అంతదూరం మోసుకెళ్లిన మనిషికే ఆ రోజు పెద్దకార్యం.

ఆయన్ని నేను బాబాయిగారు అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. తొంభైల్లో మా నిడదవోలు వదిలి పాలకొల్లు ఆడపిల్లల కాలేజీలో భూగోళం చెప్పడానికి వెళ్లినప్పుడు వాళ్ల మేడమీద వాటాలో అద్దెకి దిగాను. బాబాయిగారిది కొబ్బరికాయల వ్యాపారం. చిన్నప్పటి నుంచీ కాయలు చేత్తో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని మంచీ చెడ్డా చెప్పిన మనిషి కావడంతో, ప్రపంచంలో ఏ వస్తువునైనా అలాగే చూసేవారు. నేను ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజున వేలి కణుపుతో గోడ మీద కొట్టి, చెవి ఆనించి, మోగట్లేదు చూశారా, నిండు గోడ అన్నారు. తర్వాత నా ట్రంకుపెట్టె మీద కొట్టారు. అది ఖంగుమంది. ఆయన మొహం చిన్నబోయింది.

"కాలేజీలో చెప్పేవారు కదా మేడంగారూ, పుస్తకాలు ఉంటాయనుకున్నానండి."

ఆయన సిద్ధాంతం చాలా చిన్నది. మోగిందంటే లోపల ఖాళీ ఉన్నట్టు, మోగలేదంటే నిండుగా ఉన్నట్టు. బల్లలు, గుమ్మాలు, పనసకాయలు, పెళ్లివారు తెచ్చిన వెండిచెంబులు, అన్నీ ఆ కణుపు దెబ్బ తిన్నవే. మనుషుల్ని కొట్టి చూడకూడదు కాబట్టి వాళ్లని మాటల్లోనే తేల్చేసేవారు. అనుభవం లేనివాడు లేతకాయ. గట్టివాడు ముదురుకాయ. పైకి గంభీరంగా ఉండి లోపల కొబ్బరి ఎండిపోయి గలగలలాడేవాడు కురిడీ. మా ప్రిన్సిపాలుగారిని ఒక్కసారి చూసి కురిడీ అన్నారు. ఆ తర్వాత స్టాఫ్ మీటింగుల్లో నేను పడిన అవస్థ నాకే తెలుసు.

ఆయన భార్య, అంటే మా పిన్నిగారు, ఈ కొట్టుడు వినోదాన్నంతా ఓపిగ్గా చూస్తూ ఉండేది. ఆవిడకి ఒక్కటే కోరిక. మంచు చూడాలి. ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చిన కొత్తలో పైఅరలో తెల్లగా పేరుకున్నది చూసి ఆవిడ మనసు పారేసుకుంది. వంట మధ్యలో వచ్చి తలుపు తీసి, గోటితో కాస్త గీకి, అరచేతిలో వేసుకుని కరిగేదాకా చూసేది. కూర మాడిన వాసన మేడమీదికి వచ్చిందంటే పిన్నిగారు ఫ్రిజ్ దగ్గర ఉన్నట్టే.

కొండల నిండా ఇదే ఉంటుందట కదా అని నన్ను అడిగేది. ఉంటుంది పిన్నిగారూ అని, పాఠం చెప్పినట్టు చెప్పేదాన్ని. అయితే ఆవిడ బస్సెక్కితే ఊరు దాటకముందే కడుపులో తిప్పేది. రైలుపెట్టెలోకి అడుగు పెడితే చాలు, ఆ వాసనకే డోకు. మూసిన కారులోనూ అంతే. మొహానికి గాలి కొట్టే బండి అయితేనే ఆవిడకి పడుతుంది. రిక్షా మీద రామచంద్రపురం దాకా అయినా వెళ్లగలదు, ఏసీ కారులో వీధి చివరికి వెళ్లలేదు. అందుకని ఆవిడ మంచు ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

ఒకరోజు కొట్లోకి వచ్చిన ఎవరో, నాలుగు చక్రాలూ లాగే జీపుల గురించి చెప్పారట. పైన గుడ్డ టాపు, పక్కలు తెరిచి ఉంటాయి, కొండలైనా ఎక్కుతాయి అన్నారట. బాబాయిగారు మధ్యాహ్నం భోజనం మానేసి మేడెక్కి వచ్చారు. బదరీ వెళ్దాం, దారి మీరు చెప్పాలి అన్నారు. నేను భూగోళం చెబుతాను నిజమే కానీ ధవళేశ్వరం గుట్ట కంటే ఎత్తయినదాన్ని ఎక్కి ఎరగను. ఆ సంగతి అప్పుడు చెప్పబుద్ధి కాలేదు. కింద నుంచి పిన్నిగారి మాట వినిపించింది.

"దేవుడు ఇక్కడా ఉన్నాడు కదండీ. మంచే లేదు. నాకు మంచు చూపించండి, దేవుణ్ణి మీరు చూసుకోండి."

జీపు కోసం రాజమండ్రి వెళ్లాం. అక్కడ పాత బళ్లు అమ్మే ఆయన ముందు ఒక తెల్లటి బండి చూపించాడు. సీట్లకి పువ్వుల తొడుగులు, పాటలపెట్టె, అన్నీ ఉన్నాయి. బాబాయిగారు తలుపు మీద కొట్టి, డబ్బా అని ముందుకి నడిచారు. రెండోది కొత్త రంగుతో నిగనిగలాడుతోంది. దాని పక్కన వంగి, ముందు నుంచి వెనక దాకా వరసగా కొట్టుకుంటూ వెళ్లారు. ఒకచోట ఆగారు. మళ్లీ కొట్టారు. ఇక్కడ రేకు లేదు, లప్పం పెట్టి రంగేశారు అన్నారు. అమ్మేవాడు అప్పటిదాకా ఆయన్ని పిచ్చివాడు అనుకుంటున్నాడు. అక్కడి నుంచి అండీ అనడం మొదలుపెట్టాడు.

మూలన వెలిసిపోయిన ఆకుపచ్చ జీపు ఒకటి ఉంది. మిలట్రీ వాళ్లు వదిలేసినది. దాన్ని కొట్టిన చోటల్లా ఒకే చప్పుడు. బాబాయిగారు ఇద్దరు మనుషుల్ని పిలిచి జీపుని అటూ ఇటూ ఊపమని, తాను బానెట్టుకి చెవి ఆనించి కళ్లు మూసుకున్నారు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. నేను ఆ మనిషితో రాలేదన్నట్టు కొంచెం దూరం జరిగాను. లోపల గేరురాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటే అదేంటని అడిగారు.

"ఆయ్, అది వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయండి."

అంటే కాళ్లు నాలుగూ పని చేస్తాయన్నమాట అని, ఆ చిన్న రాడ్డుని కొత్త దూడ వీపు నిమిరినట్టు నిమిరారు. కుర్రతనంలో కొబ్బరి లారీ నడిపిన చెయ్యి కావడంతో ఆయనే స్టీరింగు పట్టారు. గోదావరి గట్టు వాలులో ఆపి, చిన్న రాడ్డు వేసి, మెల్లగా క్లచ్ వదిలారు. జీపు ఉడుములా గట్టెక్కేసింది. పైకి వెళ్లాక ఆయన నా వైపు తిరిగి పళ్లన్నీ బయటపెట్టి నవ్వారు. నాకూ గుండెల్లో ఏదో గంతులేసింది. ఇంక బదరీ వచ్చేసినట్టే అనుకున్నాను.

ఎక్కడ వచ్చింది? మా వైపు నేలంతా పళ్లెంలా చదును. కొండ జీపుని ఎక్కడ పరీక్షించాలి? ఆయన ఆలోచించి ఆలోచించి, నాట్లకి ముందు దమ్ము చేస్తున్న చేలోకి దింపుతానన్నారు. దమ్ము అంటే తెలుసుగా, నీళ్లు పెట్టిన చేను దున్ని దున్ని మెత్తటి బురద చెయ్యడం. ఆయనకి కాయలు వేసే రైతు ఒకాయన సరేనన్నాడు. గట్ల నిండా జనం. పిన్నిగారు గొడుగు వేసుకుని వచ్చింది. బాబాయిగారు పంచె ఎగ్గట్టి, చిన్న రాడ్డు వేసి జీపుని బురదలోకి దూకించారు. అది రంకెలేస్తూ, నాలుగు పక్కలా బురద చిమ్ముతూ చేను చుట్టూ తిరిగింది. గట్టు మీద వాళ్లు ఈలలు వేశారు. రైతు మాత్రం చేతులు కట్టుకుని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. బండి దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపాడు.

"బాబుగారూ, ఆ ఈశాన్యం మూల కొంచెం మిగిలిపోయిందండి. అది కూడా ఓ చుట్టు తిప్పేద్దురూ."

ఈశాన్యం మూలనే జీపు దిగబడింది. అప్పుడు పక్కచేలో ఉన్న ట్రాక్టరు ఇనుప దమ్ముచక్రాలతో బురద మీద నడిచి వచ్చి దాన్ని బయటికి లాగింది. బాబాయిగారు మీసాల దాకా బురదతో ఉన్నారు. ఆయన చూపు జీపు మీద లేదు. ఆ ఇనుప చక్రాల మీద ఉంది. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

వారం తిరగకుండా వెల్డింగు షాపులో జీపు టైర్లకి పక్కన బిగించుకునేలా చిన్న సైజు దమ్ముచక్రాలు తయారయ్యాయి. మంచు కోసమట. నేను ఉండబట్టలేక, బాబాయిగారూ, మంచు వేరు, బురద వేరు, బురదకి అడుగున గట్టినేల తగులుతుంది అంటూ పాఠం ఎత్తుకున్నాను. ఆయన మర్యాదగా అంతా విన్నారు.

"మంచు అంటే తెల్లబురదే కదండీ. మేడంగారు మంచు ఎప్పుడైనా చూశారా?"

లేదన్నాను.

"బురద నేను చూశానండి."

నేను పాఠం కట్టిపెట్టి మేడెక్కేశాను.

ఆ వేసవి వెళ్లలేదు. రేడియేటరు మార్చాలన్నారు, అది మార్చాక కమాను కట్టలకి ఇంకో రేకు వేయిస్తానన్నారు. బదరీ దారి తెరిచి ఇంకా మంచు మిగిలి ఉండేదీ, మాకు కాలేజీ సెలవులు ఉండేదీ ఆ ఒక్క మే నెలలోనే. అది కాస్తా కట్టల దగ్గరే గడిచిపోయింది. పిన్నిగారి ఫ్రిజ్ తలుపు చప్పుడు ఎక్కువైంది. కూరలు కూడా బాగానే మాడాయి.

ఏడాది పొడుగునా ఆ జీపు మా జీవితంలో ఇంకో అద్దెదారు. పొద్దున్నే దాన్ని కొట్టి పలకరించనిదే ఆయన కాఫీ తాగేవారు కాదు. దారిలో ఏది పోతుందో అని ప్రతి భాగానికీ ఇంకోటి కొన్నారు. మోకులు, గునపం, పార, కిరసనాయిలు స్టవ్వు. అక్కడ మన బియ్యం దొరకవని బియ్యం బస్తా. ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, అవి ఒరిగిపోకుండా మధ్యలో కొబ్బరిపీచు. దేవుడి ముందు కొట్టడానికి కాయలు, ఆ కాయలు చెడిపోతే ఇంకొన్ని కాయలు. నాకు కూడా చూస్తూ చూస్తూ మత్తెక్కింది. క్లాసులో హిమాలయాల గురించి చెబుతూ క్లచ్‌ప్లేటు అనేశానని పిల్లలు ఇప్పటికీ అంటారు.

రెండో వేసవి వచ్చింది. తెల్లవారి ప్రయాణం కాస్తా సామాను దగ్గర పొద్దెక్కింది. వీధంతా వాకిట్లోనే ఉంది. పిన్నిగారు కొత్త నేతచీర కట్టి, చేతిసంచి పట్టుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని వచ్చింది. అప్పటికే ఎండ చుర్రుమంటోంది కానీ ఆవిడ ఆ మఫ్లరు తీయలేదు. సామాను ఎక్కించడం అయింది. జీపు వెనక్కి కూలబడి ముంగాళ్లు ఎత్తినట్టుంది. నాకు బియ్యంబస్తా మీద చోటు చేశారు. ముందు, డ్రైవరు పక్క సీట్లో గోనెగుడ్డలో చుట్టిన ఇంకో గేరుబాక్సు కూర్చుని ఉంది. దాన్ని అక్కడ పెట్టకపోతే ఎక్కడా పట్టదని బాబాయిగారు ఎవరికో వివరిస్తున్నారు. పిన్నిగారిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఆయనకి తట్టనే లేదు.

ఆవిడ సంచి కింద పెట్టింది. జీపు చుట్టూ నిదానంగా ఒక ప్రదక్షిణ చేసింది. ఆయన దగ్గరికి వచ్చాక, ఆయన కొట్టినట్టే, వేలి కణుపుతో జీపు మీద కొట్టి చెవి ఆనించింది.

"మోగట్లేదండీ. నిండిపోయింది. ఇంతకీ మంచు చూడ్డానికి వెళ్లేది గేరుబాక్సా, నేనా?"

బాబాయిగారి మొహం చూడాలి. అంత పెద్ద మీసాలూ ఒక్కసారి కిందికి దిగాయి. గేరుబాక్సుని తానే ఎత్తి అరుగు మీద పెట్టారు. తర్వాత బియ్యంబస్తా దింపారు. కాయల బస్తాలు దింపారు. మాగాయ జాడీ దింపారు, ఆవకాయ జాడీ దగ్గర ఆగి పిన్నిగారి వైపు చూశారు, ఆవిడ తల ఊపాక దాన్ని వదిలేశారు. దింపుతున్నకొద్దీ జీపు పైకి లేచింది, ఆయన మొహం కూడా తేటపడింది. దమ్ముచక్రాలు మాత్రం దింపలేదు. అవి దింపమనడానికి పిన్నిగారికీ మనసొప్పలేదు. ఆవిడకి ఆయన్ని చూస్తే ముచ్చట వేసినట్టుంది.

ఆ ప్రయాణం గురించి చెప్పుకుంటూ పోతే పెద్ద గ్రంథమవుతుంది. పిన్నిగారికి దారి పొడుగునా ఒక్కసారి కూడా కడుపులో తిప్పలేదు. జీపు పక్కలు తెరిచి ఉన్నాయి, ఆవిడ మఫ్లరు జెండాలా ఎగిరింది. ఏ రాష్ట్రం వాళ్లు పలకరించినా తెలుగులోనే జవాబు చెప్పింది, వాళ్లూ తలలూపారు. హరిద్వారంలో ఒక కొబ్బరికాయల బండి దగ్గర బాబాయిగారు ఆగి, కుప్పంతా కొట్టి చూశారు. ఒక కాయ దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇవి మన కాయలేనండి అన్నారు. ఇంటి దగ్గర బస్తాలు దింపేసి వచ్చిన మనిషి, అక్కడ తన ఊరి కాయల్ని తానే కొనుక్కుని, చుట్టాలు కనిపించినంత సంబరపడ్డారు.

బదరీ దాటాక రోడ్డు పక్కన ఒక మైదానం వచ్చింది. దాని నిండా మంచు. ఫ్రిజ్‌లో గోటితో గీకిన మంచు కాదు. కళ్లు మూసుకోవలసినంత తెలుపు. పిన్నిగారు సీటు అంచుకి జరిగి కూర్చుంది.

బాబాయిగారు దిగి దమ్ముచక్రాలు బిగించారు. అటుగా వెళ్తున్న మిలట్రీ లారీ ఒకటి ఆగింది. అందులోని జవాన్లు దిగి, మా గట్టు మీది జనంలాగే వరసగా నిలబడ్డారు. ఒకతను ఈ చక్రాలేంటని హిందీలో అడిగాడు. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో వరిచేను, నాట్లు అని చెప్పాను. మేం ఆ మంచులో వరి వెయ్యడానికి వచ్చామని అతను మిగతావాళ్లకి చెప్పినట్టున్నాడు, వాళ్లు మమ్మల్ని చాలా జాలిగా చూశారు.

బాబాయిగారు చిన్న రాడ్డు వేశారు. జీపు మంచు మీదికి ఎక్కింది. కొంతదూరం నిజంగానే నడిచింది. నా చదువంతా వృథా అనుకుంటూ ఉండగానే, ఇనుప బద్దలు తమకి తెలిసిన పని మొదలుపెట్టాయి. మంచుని దమ్ము చేశాయి. తెల్లటి ముద్దలు గాల్లోకి లేచి మా నెత్తిన పడ్డాయి. చక్రాలు తిరిగినకొద్దీ జీపు తన గొయ్యి తానే తవ్వుకుని, కిందికి, ఇంకా కిందికి దిగి, మెల్లగా కూర్చుంది. ఇంజను ఆగిపోయింది. నేను చుట్టూ చూస్తే జీపు అంచూ మంచూ ఒకే మట్టంగా ఉన్నాయి.

పిన్నిగారు సీట్లోంచి లేవలేదు. లేవక్కర్లేదు. చెయ్యి పక్కకి చాపింది, దోసెడు మంచు చేతిలోకి వచ్చింది.

"ఇక్కడ ఆపండి, చాలు" అంది.

ఆగిపోయి అప్పటికి చాలాసేపయింది. ఆవిడ ఆ మంచు చూసి నవ్వడం మొదలుపెట్టింది, నేను అందుకున్నాను, జవాన్లు అందుకున్నారు. బాబాయిగారు మాత్రం స్టీరింగు వదిలి, వంగి, పక్కనున్న మంచు మీద కణుపుతో కొట్టారు. చెవి ఆనించారు. చోటు మార్చి మళ్లీ కొట్టారు. జీవితంలో మొదటిసారి ఆయనకి ఏమీ వినపడలేదు.

"ఇదేంటే, అసలు చప్పుడే లేదు."

"నిండుగా ఉందండీ" అని, ఆవిడ చేతిలోది ఆయన నోట్లో పెట్టింది.

జవాన్లు తాళ్లు కట్టి లాగితే గానీ జీపు బయటికి రాలేదు. తిరుగు ప్రయాణంలో ఒక చక్రం ఎక్కడో ఘాటు రోడ్డులో పడిపోయింది. మిగిలినవి తర్వాత ఏమయ్యాయో నాకు తెలియదు. ఒకటి మాత్రం దొండపాదుకి పనికొచ్చింది. నాకు తర్వాత బదిలీ అయింది. జీపుని కూడా కొన్నాళ్లకి ఎవరికో ఇచ్చేశారని విన్నాను.

పెద్దకార్యం నాడు సాయంత్రానికి చుట్టాలందరూ సర్దుకున్నాక పిన్నిగారు నన్ను వంటింట్లోకి పిలిచింది. అదే పాత ఫ్రిజ్. వాళ్ల పిల్లలు కొత్తది కొంటామన్నా ఆయన ఒప్పుకోలేదట. కొత్తవాటిలో మంచు పట్టదట కదా, మరి మీ అమ్మకి ఎలాగ అన్నారట. ఆఖరి రోజుల్లో రోజూ వచ్చి పైఅర తలుపు తీసి, ఆ మంచు మీద కణుపుతో కొట్టి, చెవి ఆనించేవారట. ఎప్పటికైనా మోగకపోతుందా అని.

చెబుతూ చెబుతూ పిన్నిగారు తలుపు తీసింది. అందులో తెల్లగా మంచు. నువ్వు చూడమ్మా అంది. నేను కణుపుతో కొట్టి చెవి ఆనించాను. చెంప చల్లబడింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఏమైనా మోగిందా?"

"లేదు పిన్నిగారూ."

ఆవిడ సరేనన్నట్టు తల ఊపింది. గోటితో కాస్త గీకి నా అరచేతిలో వేసి, మిగతాది కరిగిపోతుందని తలుపు గబుక్కున వేసేసింది.